పిచ్చుకల చద్దరు

కరెంటు మగ్గాలను షోలాపూర్ తెలుగువాళ్లు సాంచాలంటారు. జోడ్‌భావి పేట్ గల్లీల్లో ఏడాది పొడవునా వాటి మోతే మోత. ఖండేనవమి నాడు మాత్రం అవి నోరు మూసుకుంటాయి. దసరాకు ముందురోజు పనిముట్లన్నిటికీ పూజ. ఆ రోజు వాటితో పని చేయించకూడదు; సాంచాలు మళ్లీ నడిచేది మర్నాడు దసరా ముహూర్తానికే. మోతలో అరిచి మాట్లాడడం అలవాటైన జనం ఆ నిశ్శబ్దంలోనూ అరిచే మాట్లాడతారు కాబట్టి, ఆ రెండు రోజులూ గల్లీలో ఎవరింటి గుట్టూ దాగదు.

అంబాదాస్ ఇంట్లో ఈ పూజ పెత్తనమంతా అతని తల్లి చంద్రభాగది. డెబ్బై దాటినా ఆ విషయంలో ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. పెళ్లయి వచ్చింది మొదలు మొగుడి మగ్గానికి దారపు కండెలు చుట్టిన మనిషి. మగ్గం పోయి సాంచాలొచ్చాయి, మొగుడు పోయాడు, విఠల్ శేట్ కార్ఖానాలో కొడుకు పనికి కుదిరాడు. ఇన్ని జరిగినా పాత నాడెను మాత్రం ఆమె పారేయనివ్వలేదు. కండెను కడుపులో పెట్టుకుని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్య నాడెకు ఏటా మొదటి బొట్టు పడాల్సిందే. ఈసారి పీట మీద నాడె పక్కన అంబాదాస్ పానాలు, కోడలు పద్మ కుట్టుమిషను, వాటి పక్కన మనవరాలు కోమల్ ల్యాప్‌టాప్, దాని పెద్ద మానిటర్ చేరాయి.

కోమల్‌ది చద్దర్ల మీద బొమ్మలు గీసే పని. కంప్యూటర్లో గీస్తే, ఆ బొమ్మ పెన్‌డ్రైవ్ ఎక్కి కార్ఖానాకు వెళ్లి సాంచ మీద చద్దరుగా దిగుతుంది. ల్యాప్‌టాప్‌కు సొంత తెర లేదు. ఉండేది, కానీ వాళ్లది సాంచాల మీది అంతస్తులో గది. కింద సాంచాలు నడుస్తుంటే పైన టేబుల్ కూడా నడిచేది. ఓ రోజు ల్యాప్‌టాప్ టేబుల్ అంచు దాకా నడిచి, అక్కణ్నుంచి దూకింది. అప్పుడు పోయిన తెర మళ్లీ వెలగలేదు. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తుంటే అంబాదాస్ ఈ మానిటర్‌ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అది మొదలు ల్యాప్‌టాప్‌కు కన్నూ ముఖమూ అదే.

"గిదేందే, దీనికి గిన్ని కండ్లు?" అంది చంద్రభాగ, ల్యాప్‌టాప్ పక్కన వరసగా ఉన్న రంధ్రాలను తడుముతూ.

"అందులకెల్లే అవ్వా, నా బొమ్మ ఈ డబ్బల నుంచి ఆ డబ్బలకు పోయేది," అంది కోమల్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"అట్లనా!" అంది చంద్రభాగ. ఆ మాటను ఆమె విన్నంత శ్రద్ధగా ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఏదీ వినలేదు.

కోమల్ మనసు అక్కడ లేదు. మర్నాడు దసరా ముహూర్తానికి ఆమె గీసిన మొదటి బొమ్మ సాంచ ఎక్కబోతోంది. జొన్న కంకుల మీద వాలిన పిచ్చుకలు. షోలాపూర్ చద్దరంటే నెమలో గులాబీయో ఉండాలని కంకణం కట్టుకున్న విఠల్ శేట్‌ను ఒప్పించేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. చివరికి శేట్ ఒక మాట ఇచ్చాడు. "దసరా ముహూర్తానికి కొత్త పడుగు చుట్టిన బీము మీద నీ పిట్టలే నడిపిస్త. నాలుగింటికి పెన్‌డ్రైవ్ నా చేతుల ఉండాలె. లేకుంటే నెమలే. తర్వాత దివాళీ గిరాకీ, ఏ సాంచా ఖాళీ ఉండదు, నన్ను అడగొద్దు."

ఆ ఇంట్లో ముత్తాత కాలం నుంచీ అందరూ ఇతరులు గీసిన బొమ్మలు నేసినవాళ్లే. ఇంటి మనిషి గీసింది ఒక్కటీ మగ్గం ఎక్కలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కోమల్ ఫైలు తెరిచి పిట్టల్ని మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకునేది. బొమ్మను ఎవరికీ చూపించలేదు, అవ్వకు కూడా. ముహూర్తం నాడు బట్ట మీదే చూడాలని పంతం. కంకుల రంగులు ఇంకొంచెం సరిచేయాలి, అది దసరా పొద్దున చేసుకోవచ్చనుకుంది. పీట మీద పెట్టే ముందు ల్యాప్‌టాప్ ఆపబోతే "అప్‌డేట్ చేసి ఆపమంటారా?" అని అడిగింది. ఎలాగూ సెలవే కదా, కానివ్వమంది.

దసరా పొద్దున తలంటుకుని, కొత్త డ్రెస్సు వేసుకుని, వైర్లన్నీ తగిలించి మీట నొక్కింది. ల్యాప్‌టాప్ దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. మానిటర్ మాత్రం నల్లగా ఉండి, మధ్యలో "నో సిగ్నల్" అని చూపించి నిద్రపోయింది.

కోమల్ వైరు పీకి పెట్టింది. మీట ఆపి వేసింది. మళ్లీ పీకి, మళ్లీ పెట్టింది.

"గీ అప్‌డేట్ నా కొంప ముంచింది!" అని ఆమె వేసిన కేకకు వంటింట్లో పద్మ చేతిలోని పూర్ణం పోలె పెనం మీద పడాల్సింది పొయ్యి మీద పడింది.

పుణెలో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే మేనత్త కొడుకు ప్రతీక్‌కు ఫోన్ వెళ్లింది. పండుగ పూట మరదలు తనంతట తాను ఫోన్ చేసినందుకు అతను మొదట మురిసిపోయాడు. సంగతి విన్నాక ఇంకా మురిసిపోయాడు, ఎందుకంటే తనకు తెలిసిన విషయం.

"పండుగ ముంగట ఎవరన్న అప్‌డేట్ చేస్తరా? డిస్‌ప్లే డ్రైవర్ ఎగిరిపోయి ఉంటది. నేను చెప్పినట్టు నొక్కు," అన్నాడు.

"ఏం నొక్కాలె బావా? తెర కనవడ్తలేదు గద!"

"చూడకుండనే నొక్కు."

కళ్లకు గంతలు కట్టినట్టు కోమల్ నొక్కింది. విండోస్ మీట పట్టుకుని పీ నొక్కింది, కింది బాణం నొక్కింది, ఎంటర్ కొట్టింది. ఏమీ రాలేదు. నాలుగు మీటలు కలిపి నొక్కమంటే నొక్కింది. లోపల్నుంచి 'టింగ్' మని చప్పుడొచ్చింది కానీ తెర మీద వెలుగు రాలేదు. చప్పుడొచ్చిందంటే ల్యాప్‌టాప్ బతికే ఉందన్నాడు ప్రతీక్. బతికుండి పలక్కపోతే మరీ మండుతుందని అనుకుంది కోమల్.

మధ్యాహ్నం అయ్యేసరికి గదిలో వైద్యులు పెరిగారు. అంబాదాస్ మానిటర్ నెత్తి మీద రెండు దెబ్బలు వేశాడు. పాత టీవీకి ఆ మందు పనిచేసేదట. పద్మ దిష్టి తీద్దామంది. చంద్రభాగ మానిటర్ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని దాని మొహంలోకి చూస్తూ, "నిన్ననే గద పూజ చేసిన, అన్నిటికీ బొట్టు పెట్టిన, ఒక్కటి ఇడ్సిపెట్టలే. అయినా గిట్లెందుకు అలిగింది?" అని బాధపడింది.

"అవ్వా, నీకు తెల్వదు, జర ఊకో!" అని కసిరింది కోమల్.

చంద్రభాగ ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూసి కోమల్‌కు చివుక్కుమంది. కానీ గడియారం మీద కన్నున్నవాళ్లకు మనసు మీద చేయి వేసుకునే తీరిక ఉండదు.

"ఇంకో తెరకు పెట్టి చూడు. అక్కడ కూడ రాకుంటే తప్పు అప్‌డేట్‌దే అని పక్కా," అన్నాడు ప్రతీక్ ఫోన్ స్పీకర్లో.

ఇంకో తెర పక్కింటి ద్రౌపదిది. ద్రౌపది బీడీలు చుట్టే మనిషి. మామూలు రోజుల్లో ఆమె కళ్లు టీవీ మీద, చేతులు చాట మీద ఉంటాయి. పండుగ కాబట్టి ఆమె కత్తెర కూడా బొట్టు పెట్టించుకుని విశ్రాంతి తీసుకుంటోంది. కొత్త పసుప్పచ్చ చీర కట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, దసరా స్పెషల్ చూస్తోంది. అత్తాకోడళ్లు సరిగ్గా ఒకరినొకరు క్షమించుకోబోతున్న సమయంలో కోమల్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. వెనకాల అంబాదాస్, అతని వెనకాల చంద్రభాగ.

"ద్రౌపదక్కా, ఒక్క నిమిషం!" అని, సెట్‌టాప్ డబ్బాలోంచి వైరు కొస పీకి ల్యాప్‌టాప్‌కు పెట్టింది. టీవీ నల్లబడింది. అందరూ దాని ముందుకు వంగారు. అది నల్లగానే ఉంది.

"పక్కా! అప్‌డేటే!" అని ఫోన్‌లోంచి ప్రతీక్ గెలిచినట్టు అరిచాడు. "ఇగ ఒక్కటే దారి. మొత్తం ఫార్మాట్ కొట్టాలె."

"కొడ్తే నా పిట్టలు?"

"పోతయ్."

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది అతని వైద్యం. కోమల్ వైరును మళ్లీ ద్రౌపది డబ్బాకు తగిలించి, వచ్చిన ఏడుపు కనపడకుండా గుమ్మం వైపు తిరిగింది. అంబాదాస్ ఆమె తల నిమిరాడు. "పోనీ తియ్ బిడ్డా, నెమలి గుడ మంచిగనే ఉంటది," అన్నాడు. ఓదార్పుకు అంతకన్నా తప్పు మాట దొరకదు. దాంతో ఆపుకున్న ఏడుపు కాస్తా బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే ద్రౌపది కెవ్వుమంది.

"అరె! నా టీవీ! మీ అప్‌డేట్ నా టీవీకి అంటుకున్నది!"

నిజంగానే టీవీ రాలేదు. వైరు పెట్టినా, డబ్బా దీపం వెలుగుతున్నా, అత్తాకోడళ్లు లేరు. "అట్ల అంటుకోదక్కా, అదేమన్న జలుబా?" అన్నాడు ఫోన్‌లోంచి ప్రతీక్, కానీ ఈసారి అతని గొంతులో 'పక్కా' లేదు. ద్రౌపది అతని మాట వినే స్థితిలో లేదు. వైరు ఊడబెరికి, గ్యాస్ పొయ్యి బర్నర్ మూసుకుపోతే ఊదినట్టు, దాని కొసలోకి బలమంతా పెట్టి 'ఉఫ్' మని ఊదింది. ఎర్రటి పొడి ఆమె కొత్త పసుప్పచ్చ చీర నిండా రాలింది.

అందరూ ఆ చీరనే చూస్తున్నారు. ద్రౌపది వైరు మళ్లీ పెట్టింది. టీవీలో అత్త కోడలి చెంప నిమురుతోంది.

కోమల్ ఏడుపు సగంలో ఆగిపోయింది. చీర మీది పొడిని వేలితో అద్ది వాసన చూసింది. కుంకుమ. ల్యాప్‌టాప్‌ను కిటికీ వెలుతురులోకి ఎత్తింది. మూతకు బొట్టు, మీటలకు బొట్లు, అంచులకు పసుపు. పండుగ పూట ఇంట్లో ఎర్రగా లేని వస్తువు ఉంటే కదా, ఎర్రదనం మీద అనుమానం రావడానికి! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దున్నుంచీ ఆమె ఆ బొట్ల మీద చేతులేసే మీటలు నొక్కింది. ఇప్పుడు పక్కనున్న రంధ్రాల్లోకి చూస్తే, ఒక్కొక్క దాని లోపల గుండ్రంగా, నిండుగా, ఎండిపోయిన కుంకుమ.

"అవ్వా," అంది మెల్లగా, "వీటి లోపట గుడ పెట్టినవా?"

"పెట్టకుంటనా?" అంది చంద్రభాగ. "వేలు పడ్తలేదని కుంకుమ తడిపి, అగ్గిపుల్లతోని పెట్టిన. మానిటర్ దానికి గుడ."

 ముందు ద్రౌపది, ఆ వెనక అంబాదాస్, గోడకు ఆనుకుని మరీ నవ్వారు. కోమల్ కళ్లనీళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "బావా, మీ పుణెల కుంకుమకు డ్రైవర్ దొరుకుతదా?" అని ఫోన్‌లో అడిగితే, అవతల ప్రతీక్ గొంతు తగ్గించి, "ఎవలకు చెప్పకు," అన్నాడు. గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉన్న పండుగ రోజని, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయని అతనికి గుర్తులేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ల్యాప్‌టాప్‌ను ఇంటికి తెచ్చి, దాన్నీ మానిటర్‌నూ పూర్తిగా ఆపారు. సాంచ సందుల్లోంచి దూది నలుసులు దులిపే మెత్తటి కుంచె ఒకటి అంబాదాస్ దగ్గరుంది. దానితో, పురిటి పిల్లకు చెవులు తుడిచినంత జాగ్రత్తగా, ఒక్కొక్క కన్నూ, ఒక్కొక్క వైరు కొసా దులిపాడు. మొండికేసిన చోట పుల్లకు దూది చుట్టి, స్పిరిట్ అద్ది తుడిచాడు. అది ఆరేదాకా ఆగమని ప్రతీక్ చెబితే, ఆ ఆగడం మాత్రం కోమల్‌కు చేతకాలేదు. గదంతా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ చూస్తే అవ్వ లేదు.

చంద్రభాగ వెనక వరండాలో మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో పాత నాడె.

"అవ్వా, లోపలికి రా. అయిపోవచ్చింది."

"నేనొద్దు తియ్. నేనే గద ఖరాబు చేసిన." ఆమె తలెత్తలేదు. "నీ బొమ్మ అందులకెల్లి పోతదంటివి. దారం పొయ్యే కన్ను అనుకున్న. మీ తాత, నేను నాడె కన్నుకు బొట్టు పెట్టనిది మగ్గం ఎక్కకపోతుండె. దారం తెగొద్దని పెడ్తం గద. నీ బొమ్మ తెగొద్దని పెట్టిన. అన్నిటికంటె ముందుగాల దానికే పెట్టిన, నాడె కంటె ముందుగాల."

ఆ నాడెకు ఏటా పడే మొదటి బొట్టు ఈ ఏడు తన బొమ్మకు పడిందని కోమల్‌కు అప్పుడు తెలిసింది. పొద్దున తాను కసిరిన కసురు గుర్తొచ్చి సిగ్గేసింది. అవ్వ పక్కన మెట్టు మీద కూర్చుని, ఆమె భుజానికి తల ఆనించింది. 

"నాది తప్పు అవ్వా. అరిచిన నీ మీద," అంది.

"పని మీద ఉన్నోళ్లు అరుస్తరు. మీ తాత గుడ అరిచెటోడు," అంది చంద్రభాగ. కొంచెం తేలికపడ్డట్టుంది. "సరే గని, అది వెలిగిందా లేదా, సూడు పో!"

వెలిగింది. కోమల్ మీట నొక్కగానే మానిటర్ గదంతా తెల్లగా నింపేసింది. అప్‌డేట్ విజయవంతంగా పూర్తయిందని, ఏ లోపమూ లేదని దాని మీద రాసుంది. పాపం, చేయని తప్పుకు పొద్దున్నుంచీ ఇంటిల్లిపాది చేతా తిట్లు తిన్నది అది. కోమల్ మనసులో దానికి క్షమాపణ చెప్పుకుని, ఫైలు తెరిచి, అవ్వ వస్తున్న చప్పుడు విని, "నువ్వు ఇప్పుడే సూడొద్దు!" అని కేకేసి తలుపు మూసింది. కంకుల రంగులు సరిచేసింది. ఆనక కాస్త ఆలోచించి, ఇంకొక చిన్న మార్పు చేసింది. పెన్‌డ్రైవ్ పట్టుకుని తండ్రి బండి వెనక ఎగిరి కూర్చునేసరికి నాలుగు కావొస్తోంది. పద్మ, చంద్రభాగ, మరకల చీరతోనే ద్రౌపది, ఆటోలో వెనకాల బయల్దేరారు.

కార్ఖానాలో బంతిపూల తోరణాల కింద విఠల్ శేట్ చేతిలో కొబ్బరికాయతో ఎదురుచూస్తున్నాడు. పెన్‌డ్రైవ్ తీసుకుని, సాంచ పక్కనున్న డబ్బాకు పెట్టించి, కాయ కొట్టి, "చలా!" అన్నాడు. సాంచ ఒక్కసారి గుర్రుమని అందుకుంది. ఒక్క సాంచ నడిచినా ఆ మోతలో మాటలు వినపడవు. అందరూ సాంచ చుట్టూ మూగారు. ముందు ఒక అంచు వచ్చింది. తర్వాత కంకుల కాడలు. తర్వాత పసుపుపచ్చగా గింజలు కట్టిన జొన్న కంకులు, వాటి బరువుకు వంగిన మెడలు. ఆ మెడల మీద గోధుమరంగు పిచ్చుకలు, ఒకటి పొడుస్తూ, ఒకటి తల తిప్పి చూస్తూ. శేట్ బట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు. నెమలి మాట ఎత్తలేదు.

చంద్రభాగ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, వంగి, పిట్టల్ని ఒక్కొక్కటిగా వేలితో తాకుతూ వచ్చింది. మూలనున్న పిట్ట దగ్గర వేలు ఆగింది. మిగతా పిట్టలకు నల్ల కళ్లు. దీనికి ఎర్ర కన్ను, చుక్కంత.

"దీని కన్ను ఎర్రగున్నదేందే?" అని అరిచింది మోతలో.

"నువ్వు పెట్టిందే అవ్వా!" అని అరిచింది కోమల్.

"ఆఁ?"

"నువ్వు పెట్టిన బొట్టే!"

"ఇనవడ్తలేదు!"

సరిగ్గా అప్పుడే మూరెడు బట్ట చాలని అంబాదాస్ సాంచ ఆపాడు. "నువ్వు పెట్టిన బొట్టే అవ్వా! నా చద్దరు మీద ఎప్పటికీ ఉంటది!" అని కోమల్ గొంతు చించుకుని అరిచిన అరుపు ఆ నిశ్శబ్దంలో కార్ఖానా రేకులదాకా మోగింది. అందరూ తిరిగి చూశారు.

"గట్ల అరుస్తవేందే, నేనేమన్న చెవిటిదాన్నా?" అంది చంద్రభాగ. కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకుంది, తుడవాల్సింది అద్దాలు కాకపోయినా. తర్వాత నడుముకు దోపుకున్న చిన్న సంచి విప్పి, కుంకుమ భరిణె తీసింది. అగ్గిపెట్టె తీసింది. ఒక పుల్ల తీసి కుంకుమలో ముంచి, సాంచ పక్కనున్న ఆ డబ్బా వైపు ఒక అడుగు వేసింది.

"అమ్మా, ఒద్దు!" అని అంబాదాస్, "మావ్‌శీ, నకో!" అని శేట్, "అవ్వా!" అని కోమల్, ముగ్గురూ ఒకేసారి అడ్డం దూకారు. ద్రౌపది తన చీర కుచ్చెళ్లు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి తగ్గింది.

చంద్రభాగ వాళ్లను ఎగాదిగా చూసింది. "నాకు ఆ మాత్రం తెల్వదా?" అంది. మనవరాలి గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఆ పుల్లతో ఆమె నుదుట, రెండు కనుబొమ్మల నడుమ, నాడె కంటికి పెట్టినంత జాగ్రత్తగా బొట్టు పెట్టింది.

"ఇగ నడిపియ్ సాంచ," అంది.